బడిలో సగం గడిచే పిహెచ్‌డి ఒకటి పెట్టండి
(కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ)



2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈపాటికి మీ కార్యాలయానికి చేరే ఉంటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగించిన జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా అంతటితో ఆగలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. వందమంది, అంతకు పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యం తెలిసిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ పనికి వాళ్లు తగిన శిక్షణ పొంది ఉండాలని కూడా చెప్పారు. వేరే చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలకే చట్టం విలువ.

తీర్పు మంచిదే. ఆ శిక్షణ ఎక్కడ దొరుకుతుందన్నది మాత్రం కోర్టు చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా కోర్టుది కాదు. అది మీది. అందుకే ఈ ఉత్తరం విద్యాశాఖ మంత్రికి కాకుండా మీకు రాస్తున్నాను.

హనుమకొండలో నయీంనగర్ నుంచి కిషన్‌పుర దాకా ఒకసారి నడిచి చూడండి. జూనియర్ కాలేజీల బోర్డులు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు, హాస్టళ్ల మెట్ల మీద స్టడీ అవర్స్‌కు ముందు పది నిమిషాల గాలి పీల్చుకుంటున్న పిల్లలు. వీటన్నిటికీ ఒక్కో మనిషి కావాలంటే ఏం జరుగుతుందో ఉద్యోగమంతా బడుల్లో గడిపిన నాకు తెలుసు. తనిఖీకి వచ్చే అధికారికి చూపించడానికి ఒక గది తయారవుతుంది. తలుపు మీద ‘కౌన్సెలింగ్ రూమ్’ అన్న బోర్డు, లోపల రెండు కుర్చీలు, గోడకు నవ్వుతున్న పిల్లల పోస్టరు. రిజిస్టర్లో పేరు పీఈటీ సారుదో, ఖాళీ పీరియడ్లు ఎక్కువున్న జువాలజీ మేడమ్‌దో ఉంటుంది. ఆన్‌లైన్‌లో వారాంతపు కోర్సు చేసి వాళ్లొక సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. వాళ్లది తప్పు కాదు. అసలు మనుషులే లేనప్పుడు కాగితమైనా ఉండాలి కదా అని యాజమాన్యం అనుకుంటుంది, అధికారి సరేనంటాడు.

నేను అడుగుతున్నది ఇంకో సర్టిఫికెట్ కోర్సు కాదు. స్కూల్ సైకాలజీలో డాక్టరేటు అడుగుతున్నాను. అదీ మనకు అలవాటైన డాక్టరేటు కాదు. సగం కాలం బడుల్లోనే గడిపి, పనిచేసి చూపించి తీసుకోవాల్సిన డాక్టరేటు.

మన దగ్గర సైకాలజీ తెలిసినవాళ్లు తక్కువేం కాదు. ఇది వ్యంగ్యం కాదు. టెట్‌లో 150 మార్కులకు 30 శిశు వికాసానివే. హనుమకొండలో ఏ కోచింగ్ సెంటర్‌లోకి తొంగి చూసినా పేటికలో థారన్‌డైక్ పిల్లి, గంట వింటూ పావ్‌లోవ్ కుక్క, పెట్టెల మీద పెట్టెలు పేర్చి అరటిపండు అందుకుంటూ కోహ్లర్ చింపాంజీ కనిపిస్తాయి. పియాజే దశలు నాలుగు, కోల్‌బర్గ్ స్థాయిలు మూడు, ఎరిక్‌సన్ దశలు ఎనిమిది అని బీఈడీ చేసిన ప్రతి ఒక్కరూ నిద్రలో లేపినా చెబుతారు. తెలుగునాట ఇన్ని లక్షలమంది ఇంత సైకాలజీని కంఠస్థం చేశారు, కానీ ఆరో తరగతిలో మూడో వరసలో కూర్చున్న పిల్లవాడు ఎందుకు చదవలేకపోతున్నాడో చెప్పడానికి అందులో ఒక్క ముక్క పనికిరాదు.

అలాంటి పిల్లవాడొకణ్ని చెబుతాను. తండా నుంచి వచ్చేవాడు. ఎనుమాముల మార్కెట్‌కు తండ్రితో పత్తి బస్తాలు తీసుకెళ్తే తూకం, తరుగు, కమీషన్ పోను చేతికి ఎంత రావాలో కాగితం లేకుండా చెప్పేవాడు. అదే లెక్క పుస్తకంలో నాలుగు వాక్యాల్లో ఇస్తే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేవాడు. స్టాఫ్‌రూమ్‌లో వాడికి తలా ఒక పేరు ఉండేది. స్లో లెర్నర్ అని ఒకరు, మొండి అని ఒకరు, ఇంట్లో పట్టించుకోరని ఇంకొకరు. బడి రికార్డుల్లో వాడొక టిక్కు. ఇప్పుడు ఆలోచించండి. ఆ ఆగిపోవడానికి కారణం చూపు కావచ్చు. వినికిడి కావచ్చు. రక్తహీనత వల్ల రెండో పీరియడ్‌కే కళ్లు మూతలు పడుతుండవచ్చు. ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు చదవడం వల్ల కావచ్చు. పత్తి ఏరే నెలల్లో బడికి రాక రెండో తరగతిలోనే వత్తులు దాటిపోయి ఉండవచ్చు. డిస్లెక్సియా కావచ్చు. హాస్టల్లో పెద్ద పిల్లలు రాత్రిళ్లు ఏడిపిస్తుండవచ్చు. బయటికి కనిపించేది ఒకటే, పిల్లవాడు చదవడం లేదు. కారణాన్ని బట్టి చేయాల్సిన పని పూర్తిగా మారిపోతుంది. ఒకదానికి కళ్లద్దాలు, ఒకదానికి ఐరన్ మాత్రలు, ఒకదానికి భాష తెలిసిన టీచరు, ఒకదానికి వార్డెన్‌తో గట్టిగా మాట్లాడటం. వీటిలో ఏదో తేల్చి, టీచర్‌తో కలిసి ఒక పద్ధతి అనుకుని, ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చి మార్పు వచ్చిందో లేదో కొలిచి చూసే మనిషిని స్కూల్ సైకాలజిస్టు అంటారు. ఏడ్చే పిల్లను ఊరడించడం ఆ పనిలో ఒక భాగమే.

ఇది ఎక్కడో పుట్టిన విదేశీ సరుకు అని మీ సెనేట్‌లో ఎవరైనా అనవచ్చు. పుట్టింది అక్కడే, నిజమే. 1896లో ఫిలడెల్ఫియాలో లైట్నర్ విట్మర్ అనే ప్రొఫెసర్ దగ్గరికి ఒక బడి పంతులమ్మ పిల్లవాణ్ని తీసుకొచ్చింది. అన్నీ వస్తాయి కానీ స్పెల్లింగ్ రాదు, మీ మనస్తత్వ శాస్త్రం దీనికేమైనా చేయగలదా అని అడిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో విట్మర్ క్లినిక్ అలా మొదలైంది. ఆమె అడిగిన ప్రశ్న మా స్టాఫ్‌రూమ్‌లో అడిగే ప్రశ్నే. అక్కడ అది విశ్వవిద్యాలయానికి చేరింది, ఇక్కడ స్టాఫ్‌రూమ్ దాటలేదు.

ఇక పనిముట్ల సంగతి. మన దగ్గర పిల్లల తెలివిని కొలవడానికి ఇప్పటికీ చేతికి తీసుకునే పరీక్షల్లో ఒకటి నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ 1969లో భారతీయ పిల్లల కోసం మార్చి కూర్చినది. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు మనవలున్నారు. చదవడంలో ఇబ్బందిని పట్టుకోవడానికి జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో ‘డాలి’ అనే సాధనాన్ని తెచ్చింది. మంచి పని. అది మొదట వచ్చిన భాషలు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు. తెలుగు లేదు.

తెలుగుకు వేరే పరీక్ష ఎందుకు, ఇంగ్లీషుది అనువదిస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. ఇంగ్లీషు నేర్చే పిల్లకు 26 అక్షరాలు, వాటి పలుకుబడిలో గందరగోళం. తెలుగు నేర్చే పిల్లకు పలుకుబడి సూటిగానే ఉంటుంది, గుర్తుల సంఖ్యే ఎక్కువ. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు కలిపితే వందల్లోకి వెళతాయి. మనకు చెల్లెలి లిపి లాంటి కన్నడంలో సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. పిల్లలకు ఈ అక్షరాలన్నీ పట్టుబడటానికి మూడు నాలుగేళ్ల పైనే పడుతుందని అందులో తేలింది. అంటే మూడో తరగతి పిల్ల ‘స్త్రీ’ దగ్గర తడబడితే అది జబ్బు కాకపోవచ్చు, వయసు కావచ్చు. ఏ వయసుకు ఏ అక్షరం దగ్గర తడబాటు మామూలో, ఎక్కడి నుంచి అనుమానించాలో చెప్పే పట్టిక తెలుగులో ప్రతి ఎంఈవో బల్ల మీదా ఉండాలి. వరంగల్ బడుల్లో కూర్చుని నలుగురు పరిశోధకులు నాలుగేళ్లలో చేయగల పని అది. అంతకంటే మంచి సిద్ధాంతగ్రంథం నాకు తోచడం లేదు.

తెలుగుతో కూడా అయిపోలేదు. మీ విశ్వవిద్యాలయం పరిధి ఉమ్మడి వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాలు. లంబాడీ, కోయ, గోండి, కొలామి మాట్లాడే పిల్లలు దేశంలో ఇంతమంది ఒకే విశ్వవిద్యాలయం కిందికి రావడం అరుదు. ఏటూరునాగారం కోయ పిల్లకు తెలుగులో తెలివి పరీక్ష పెట్టి మార్కు తక్కువొచ్చిందని కాగితం రాసిస్తే, ఆ కాగితం పిల్ల వెంట పదో తరగతి దాకా నడుస్తుంది. అది కొలిచింది పిల్ల తెలివిని కాదు, తెలుగుతో ఆమెకున్న పరిచయాన్ని.

ఇక్కడ మనకు పాత దారి ఒకటి ఉంది. మీ పరిధిలోనే. కుమ్రం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ గోండుల గురించి తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో గోండు పిల్లల చదువు పథకం మొదలైనప్పుడు ఆయన ముందు పిల్లల్ని బడికి పిలవలేదు. పంతుళ్లకోసం వెతికాడు. అంతో ఇంతో చదువొచ్చిన గోండు యువకుల్ని మార్లవాయికి రప్పించి, వాళ్లకు శిక్షణ ఇచ్చి, గోండిలో వాచకాలు తయారు చేయించి, ఆ తర్వాత వాళ్లను ఊళ్లకు పంపాడు. బడి కట్టడం సులువు, నిలబడి చెప్పే మనిషిని తయారు చేయడమే కష్టమని ఆయనకు అర్థమైంది. మనం మాత్రం ఎప్పుడూ తలకిందులుగా చేస్తాం. ముందు జీవో, తర్వాత గది, తర్వాత బోర్డు, చివర్లో మనిషి కోసం వెతుకులాట. 1953లో ముదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో గైడెన్స్ అధికారులు ఉండాలంది. జాతీయ విద్యావిధానం 2020లో కౌన్సెలర్లు కావాలని మళ్లీ రాసింది. ఈ రెంటి మధ్య గడిచిన కాలంలో నేను చదువుకుని, ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోనూ ఆ అధికారి ఎదురుపడలేదు.

ఇప్పుడు మనకున్న పిహెచ్‌డి గురించి. కోపం తెచ్చుకోకండి, ఇది మీ ఒక్క విశ్వవిద్యాలయం సంగతి కాదు. తెలుగు రాష్ట్రాల్లో విద్యాశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం విభాగాల్లో వచ్చే సిద్ధాంతగ్రంథాల శీర్షికలు చదివితే చాలు, సంగతి తెలిసిపోతుంది. ఫలానా జిల్లా ఇంటర్ విద్యార్థుల ఒత్తిడికీ విద్యాసాధనకూ గల సంబంధం, ఒక అధ్యయనం. మూడు నాలుగు వందలమందికి ప్రశ్నావళి పంచుతారు, ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేస్తారు, బాలురకు బాలికలకు తేడా ఉందనో లేదనో తేలుస్తారు. ఆ ఒత్తిడితో ఉన్న ఒక్క పిల్లతోనైనా గంటసేపు కూర్చుని మాట్లాడారా అని వైవాలో ఎవరూ అడగరు. ఈత మీద గ్రంథం రాసినవాణ్ని భద్రకాళి చెరువులో దిగావా అని అడగకపోవడం లాంటిది ఇది.

యూజీసీ 2022లో ఇచ్చిన పిహెచ్‌డి నిబంధనలు మీకు నాకంటే బాగా తెలుసు. కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు, కాలం మూడేళ్ల నుంచి ఆరేళ్లు, పార్ట్‌టైమ్‌కు అనుమతి. కోర్సు వర్క్ విషయంలో ఈ నిబంధనలు కనీసం ఎంతో చెబుతున్నాయి, ఇంతకు మించవద్దని చెప్పడం లేదు. ఆ ఖాళీలోనే నేను అడుగుతున్నది పడుతుంది. అమెరికాలో స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం ప్రమాణాల ప్రకారం డాక్టరేటు చేసేవాళ్లు చివర్లో 1,500 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి, అందులో కనీసం 600 గంటలు బడిలోనే. రోజుకు ఆరు గంటలు వేసుకుంటే 1,500 గంటలంటే 250 పనిదినాలు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పెట్టిన కనీస పనిదినాలు ఏడాదికి 220. అంటే ఒక విద్యాసంవత్సరం మొత్తం, ఇంకా పైన. జూన్‌లో బడులు తెరిచిన రోజు నుంచి మార్చి పరీక్షల దాకా ఒక బడి ఎలా ఊపిరి తీసుకుంటుందో చూడకుండా ఈ పట్టా రాదు. ఇంగ్లండ్ 2006లో ఈ వృత్తికి మూడేళ్ల డాక్టరేటును తప్పనిసరి చేసింది. అక్కడ రెండో ఏడు, మూడో ఏడు ఎక్కువ రోజులు స్థానిక సంస్థల సేవల్లోనే గడుస్తాయి. సిద్ధాంతగ్రంథం ఆ పని మధ్యలోనే పుడుతుంది.

కానీ ఇంగ్లండ్‌ను మొత్తంగా కాపీ కొట్టమనడం లేదు. ప్రతి ఒక్కరూ డాక్టరేటు చేయాలనడంతో వాళ్లకు మనుషుల కరువు వచ్చింది. స్థానిక సంస్థలు పోస్టులు ప్రకటిస్తే దరఖాస్తులు చాలినన్ని రావడం లేదు. అమెరికాలో బడుల్లో పనిచేసే వాళ్లలో ఎక్కువమంది డాక్టరేటు లేనివాళ్లే, మాస్టర్స్ పైన స్పెషలిస్టు డిగ్రీ, 1,200 గంటల ఇంటర్న్‌షిప్‌తో వస్తారు. అయినా 500 మంది పిల్లలకు ఒకరు అన్న వాళ్ల లక్ష్యం అందనంత దూరంలోనే ఉంది. మనం పేదవాళ్లం, మనకు ఇంకా జాగ్రత్త కావాలి. వందమంది పిల్లలున్న ప్రతి బడికీ డాక్టరేటు ఎవరూ ఇవ్వలేరు, ఇవ్వనక్కర్లేదు. నా లెక్క వేరు. ప్రతి బడిలో రెండేళ్ల మాస్టర్స్ చేసిన మనిషి ఉండాలి. నాలుగైదు మండలాలకు ఒక డాక్టరేటు ఉండాలి. కష్టమైన కేసులు చూడటం, పరీక్షలు తయారు చేయడం, బడుల్లో ఉన్నవాళ్ల పనిని వారం వారం చూసి సరిదిద్దడం వీళ్ల పని. ఆ మాస్టర్స్ వాళ్లకు పాఠం చెప్పేది కూడా వీళ్లే. అందుకే డాక్టరేటు నుంచి మొదలు పెట్టమంటున్నాను. బడిలో ఎన్నడూ పనిచేయనివాళ్లు పాఠం చెబితే, ఆ మాస్టర్స్ కూడా థారన్‌డైక్ పిల్లి దగ్గరే ఆగుతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్ డిప్లొమా ఉంది కదా, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో, సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ నీపిడ్‌లో క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, మంచివాళ్లే. నీపిడ్ 1984 నుంచి చేస్తున్న పని చిన్నది కాదు. కానీ డిప్లొమాతో పరీక్షలు పెట్టి తేల్చే అధికారం రాదు, క్లినికల్ సైకాలజిస్టుకు బడి అలవాటు లేదు. అతని దగ్గరికి పిల్లను తీసుకెళ్లాలి. ఊళ్లో ఆ మాట అనగానే అమ్మానాన్నలకు ముందు గుర్తొచ్చేది ఎర్రగడ్డ. మా పిల్లకు పిచ్చా సార్ అని అడుగుతారు. స్కూల్ సైకాలజిస్టు బడి మనిషి. మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడేవాడు, ఆటల పీరియడ్‌లో ఎవరు ఒంటరిగా కూర్చున్నారో చూసేవాడు. అతనితో మాట్లాడిన పిల్ల మీద ముద్ర పడదు.

2019 సంగతి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. ఆ ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తర్వాతి రోజుల్లో రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి జవాబుపత్రాలూ ప్రభుత్వం మళ్లీ పరిశీలింపజేస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మార్కులు ఎక్కడ తప్పాయన్న దాని మీద కమిటీ వేశారు, ధర్నాలు జరిగాయి, కోర్టుకు వెళ్లారు. అవన్నీ జరగాల్సినవే. ఆ పిల్లల పక్క బెంచీల్లో కూర్చున్న పిల్లల గురించి మాత్రం ఎవరూ అడగలేదు. ఒక విద్యార్థి పోయాక మర్నాడు ఆ క్లాసులోకి వెళ్లి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నది నేర్చుకోవాల్సిన పని. జరిగిన తీరును వర్ణించకూడదు. పోయిన పిల్లను త్యాగమూర్తిని చేయకూడదు. ఒకే కారణానికి ముడిపెట్టి అందువల్లే అని తేల్చేయకూడదు. అప్పటికే దిగులుగా ఉన్న పిల్లలెవరో, ఆ పిల్లతో గొడవపడి మాటల్లేకుండా ఉన్న స్నేహితురాలు ఎవరో ముందు వెతికి పట్టుకోవాలి. మనమేం చేస్తాం? రెండు నిమిషాలు మౌనం పాటించి సెలవిచ్చేస్తాం. అందరికంటే ఎక్కువ మాట్లాడాల్సిన పిల్ల ఒంటరిగా ఇంటికి వెళుతుంది.

గోప్యత సంగతి కూడా ఇలాంటిదే. పిల్ల చెప్పింది ఎవరికీ చెప్పనని కౌన్సెలర్ మాట ఇస్తాడు. కానీ చెప్పింది లైంగిక హింస గురించైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపక తప్పదు, దాచితే అదే నేరం. ఆ సంగతి మొదటి రోజే, పిల్లకు అర్థమయ్యే మాటల్లో, భయపెట్టకుండా ఎలా చెప్పాలి? ప్రిన్సిపాల్ వచ్చి ఆ పిల్ల ఏం చెప్పింది అని అడిగితే ఎంత చెప్పాలి? జీతమిచ్చేది ఆయనే మరి. పుస్తకంలో చదివితే తేలే విషయాలు కావివి. అనుభవమున్న మనిషి పక్కన ఏడాది పనిచేస్తే తేలేవి.

వరంగల్‌లోనే ఎందుకంటే, కావాల్సినవన్నీ గంట రెండు గంటల ప్రయాణంలో ఉన్నాయి. నగరంలో కార్పొరేట్ హాస్టళ్లు, చుట్టూ జిల్లా పరిషత్ బడులు, కేజీబీవీలు, మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు. ఆ కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్‌పీలు చాలామంది కాంట్రాక్టు జీతాలతో, ఎవరి మార్గదర్శనమూ లేకుండా, ఓపికగా నెట్టుకొస్తున్నారు. ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది. ములుగులో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. గురుకులాలకు నాంది పలికిన 1971 నాటి సర్వేల్ బడి పీవీ నరసింహారావు గారి ఆలోచన. ఆయన వంగర ఇప్పుడు హనుమకొండ జిల్లాలోనే ఉంది. ఇవాళ గురుకులాల్లో పిల్లలు పదేళ్లకే అమ్మను వదిలి వచ్చి ఏళ్ల తరబడి ఉంటారు. వాళ్ల రాత్రుల గురించి మనకు ఏమీ తెలియదు.

డబ్బు, ఉద్యోగం అన్న రెండు ప్రశ్నలకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్లో స్కూల్ సైకాలజిస్టుకు వేరే గడి లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులను గుర్తించింది, దాని కింద దారి వెతకాలి. జీతం విషయంలో గురుకుల సొసైటీలు చేయి వేయవచ్చు. శిక్షణ కాలంలో స్టైపెండ్ వాళ్లిచ్చి, పట్టా వచ్చాక అయిదేళ్లు వాళ్ల దగ్గర పనిచేయాలని బాండు రాయించుకుంటే ఇద్దరికీ లాభమే. పార్ట్‌టైమ్‌కు యూజీసీ ఒప్పుకుంది కాబట్టి పనిచేస్తున్న టీచర్లకు కొన్ని సీట్లు ఉంచండి. దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, ఆ పట్టాతో ఏం చేయాలో తెలియక బీరువాలో పెట్టుకున్న టీచర్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. లంబాడీ, కోయ, గోండి మాతృభాషగా ఉన్నవాళ్లకు మొదటి బ్యాచ్‌లో చోటుండాలి. వాళ్లు లేకుండా ఆ భాషల్లో పరీక్షలు తయారు కావు. సీట్లు పది మించవద్దు. పిహెచ్‌డి ప్రవేశాల మీద 2023లో మీ క్యాంపస్‌లో ఎంత ఆందోళన జరిగిందో అందరికీ తెలుసు. ఎంపిక ఎలా జరిగిందో, ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో మొదటి రోజే గోడకు అంటించండి.

1976లో పుట్టిన మీ విశ్వవిద్యాలయానికి 2026తో యాభై ఏళ్లు నిండుతాయి. స్వర్ణోత్సవం అంటే స్తూపం, ప్రత్యేక సంచిక, సావనీరు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ఈ ప్రతిపాదనను అకడమిక్ సెనేట్ ఎజెండాలో ఒక అంశంగా పెట్టగలరా? పెడితే ఆ రోజు విద్యాశాస్త్రం, సోషల్ వర్క్ ప్రొఫెసర్లతోపాటు ఒక భవిత కేంద్రం ఐఈఆర్‌పీని, ఒక గురుకులం వార్డెన్‌ను, ఒక జిల్లా పరిషత్ హెచ్‌ఎంను కూడా కూర్చోబెట్టండి. వాళ్లకు టీఏ డీఏలు ఇవ్వడం మరిచిపోకండి. మన సమావేశాలకు బడివాళ్లను పిలవడం అరుదు, పిలిచినప్పుడు బస్ ఛార్జీలు కూడా వాళ్లే పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు
హనుమకొండ